పాత క్యాసెట్లు, గ్రామఫోన్ రికార్డులను డిజిటల్‌లోకి మార్చుకోవడం: ఇంట్లో చేసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునేవారు ముందుగా అడిగేది సాఫ్ట్‌వేర్ గురించే. ఏ ప్రోగ్రామ్ మంచిది, గరగర ఎలా తీసేయాలి, పాటలు విడివిడిగా ఎలా కోసుకోవాలి అని. ఇవి తెలుసుకోవలసినవే కానీ, అన్నీ చివర్లో వచ్చే పనులు. ఫలితం బాగుంటుందా లేదా అన్నది అంతకు చాలా ముందే, టేపు హెడ్‌ని తాకే చోట, ముల్లు గాడిలో నడిచే చోట తేలిపోతుంది. అక్కడ అందకుండా పోయిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం యంత్రాల గురించే చెబుతాను. ప్లేయర్‌ని సరిగ్గా సిద్ధం చేసుకుని టేపుని ఒక్కసారి శ్రద్ధగా వినిపిస్తే, తర్వాతి పని చాలా తేలిక.

ఇది వాయిదా వేయదగ్గ పని కూడా కాదు. ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ని తెచ్చింది 1963లో. ఇప్పుడు ఇళ్లలో మిగిలి ఉన్నవి చాలావరకు 30, 40 ఏళ్ల నాటివి. టేపుకన్నా ముందే కనుమరుగవుతున్నవి వాటిని వినిపించే మంచి డెక్‌లు, వాటిని బాగుచేయగల మెకానిక్‌లు.

## అడుగు 1: ఏవి ముందో తేల్చుకోండి

అన్నీ ఒక చోట పోసి మూడు కుప్పలు చేయండి. ఇంట్లో వాళ్ల గొంతులు, ఉత్తరాలకు బదులు పంపుకున్న టేపులు, పిల్లల మాటలు, ఎక్కడో ఒక సభలో ఎవరో పట్టుకున్న ప్రసంగం, ఇవన్నీ మొదటి కుప్ప. వీటికి ప్రపంచంలో ఇంకో కాపీ లేదు. రేడియో నుంచి పట్టుకున్నవి, చిన్న కంపెనీలు కొద్ది సంఖ్యలో వేసిన క్యాసెట్లు రెండో కుప్ప. పేరున్న కంపెనీలు లక్షల్లో అమ్మిన ఆల్బమ్‌లు మూడోది. వీటిలో చాలావాటికి మీరు ఇంట్లో చేసుకోగలిగిన దానికన్నా మెరుగైన డిజిటల్ ప్రతి ఇప్పటికే దొరుకుతుంది. ముందు వెతికి చూడండి, దొరికితే ఆ శ్రమ మొదటి కుప్ప మీద పెట్టండి.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ఇష్టమైన సినిమా పాటల క్యాసెట్లతో మొదలుపెట్టి, సగంలో విసుగొచ్చి ఆపేస్తారు. నాన్నగారి గొంతు ఉన్న టేపు మాత్రం అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. అయితే చేయి తిరిగే వరకు మొదటి కుప్పని ముట్టుకోవద్దు. పోయినా ఫర్వాలేదనుకునే మూడో కుప్పలోని క్యాసెట్లతో సాధన చేసి, అంతా అదుపులోకి వచ్చాక మొదటి కుప్ప తీయండి.

## అడుగు 2: క్యాసెట్‌ని ప్లేయర్‌లో పెట్టే ముందు

మొట్టమొదట క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేయండి. అవి విరిగి ఉంటే రికార్డ్ బటన్ దిగదు. పొరపాటున రికార్డ్ నొక్కి 10 సెకన్ల గొంతు చెరిగిపోతే అది తిరిగి రాదు. టేపు కనిపించే వైపు కిందికి, ఎ వైపు మీ ముఖానికి ఉండేలా పట్టుకుంటే, ఎడమ పక్క పలక ఆ వైపుది.

తర్వాత టేపు బయటికి కనిపించే చోట మధ్యలో చూడండి. ఒక చిన్న రేకు, దాని మీద ఫెల్ట్ ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కి ఆనించి పట్టేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఎండిపోయి ఆ ముక్క ఊడిపోతుంది. అప్పుడు శబ్దం మసకగా, వచ్చీపోతూ వినిపిస్తుంది. అలాంటప్పుడు టేపుని ఇంకో మంచి క్యాసెట్ పెట్టెలోకి మార్చడం మేలు. పెట్టెకి స్క్రూలు ఉంటే విప్పి, రెండు చక్రాలనూ టేపుతో సహా ఎత్తి, స్క్రూలున్న మరో ఖాళీ పెట్టెలో పెట్టి బిగించవచ్చు. టేపు ఏ రోలర్ల మీదుగా వెళ్తోందో విప్పగానే ఫోటో తీసుకోండి. స్క్రూలు లేకుండా అతికించేసిన పెట్టె అయితే అంచు వెంట పలుచని బ్లేడుతో జాగ్రత్తగా తెరవాలి. పెట్టె పోయినా మనకు కావలసింది టేపే.

టేపు తెగితే భయపడక్కర్లేదు. కానీ మామూలు సెలోటేపు మాత్రం వాడకండి. దాని జిగురు కారి పక్క పొరలకు, హెడ్‌కి అంటుకుంటుంది. క్యాసెట్ వెడల్పుకి సరిపడే స్ప్లైసింగ్ టేపు విడిగా దొరుకుతుంది. రెండు కొసల్నీ ఏటవాలుగా కోసి, అంచులు ఒకదానిమీద ఒకటి పడకుండా చేర్చి, వెనక వైపున అతికించాలి. హెడ్‌ని తాకే వైపున అస్సలు వద్దు.

చుట్టలో తెల్లటి పొడి, దూదిలాంటి పోగులు కనిపిస్తే అది బూజు. అలాంటి క్యాసెట్‌ని ప్లేయర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్ మీదికి, అక్కడినుంచి మిగతా క్యాసెట్లన్నిటికీ పాకుతుంది, పీల్చేవారికీ మంచిది కాదు. దాన్ని విడిగా ఒక సంచిలో మూసి పెట్టండి. లోపల ఉన్నది విలువైనదైతే ఆ పని తెలిసినవారికి ఇవ్వడమే సరైన దారి.

బాగానే ఉన్న క్యాసెట్‌ని కూడా వెంటనే ప్లే చేయవద్దు. ఏళ్ల తరబడి కదలని చుట్ట పొరలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. ముందు పెన్సిల్‌తో కొద్దిగా తిప్పి చూసి, తేలిగ్గా తిరుగుతుంటే ప్లేయర్‌లో ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పండి. చుట్ట వదులై, బిగువు అంతటా ఒకేలా వస్తుంది. సి-120 క్యాసెట్లతో (రెండు వైపులూ కలిపి 120 నిమిషాలు పట్టేవి) మాత్రం నెమ్మదిగా ఉండాలి. సి-60లో టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సి-90లో 12, సి-120లో 9 మాత్రమే. అంత పలుచని టేపు సాగిపోవడానికి, రోలర్‌కి చుట్టుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు.

## అడుగు 3: ప్లేయర్‌ని సిద్ధం చేయడం

అసలు పని ఇక్కడుంది.

క్యాసెట్‌ని నేరుగా ఎంపీ3గా మార్చేస్తామని చెప్పే చిన్న యూఎస్‌బీ వాక్‌మన్‌లు దొరుకుతాయి. మాటలు అర్థమైతే చాలు అనుకుంటే సరే కానీ, మీ దగ్గరున్న ఒకే ఒక్క ప్రతిని వాటికి అప్పగించమని నేను చెప్పను. వాటిలో మోటార్ వేగం నిలకడగా ఉండదు, లోపలి సర్క్యూట్ రొద కూడా టేపు రొదతో కలిసిపోతుంది. మంచి కంపెనీ తయారుచేసిన పాత స్టీరియో డెక్, సర్వీసు చేయించినది, ఎరువు తెచ్చుకున్నా సరే, దానికి ఎన్నో రెట్లు నయం. డెక్ దొరక్కపోతే మంచి స్థితిలో ఉన్న పాత వాక్‌మన్‌ని దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వాడుకోవచ్చు.

డెక్ చాలాకాలం మూలన ఉండి ఉంటే లోపలి రబ్బరు బెల్టులు సాగిపోయో, కరిగి జిగురులా మారో ఉంటాయి. బెల్టులు మార్చకుండా దేన్నీ అందులో పెట్టకండి. వదులు బెల్టు ఉన్న డెక్ టేపుని మింగేస్తుంది.

తర్వాత శుభ్రం చేయడం. 90 శాతానికి మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు చాలు. హెడ్ మీద, దాని పక్కన తిరిగే సన్నని ఉక్కు కడ్డీ మీద మట్టిరంగులో మరకలుంటాయి, అవి టేపు నుంచి రాలిన ఆక్సైడ్. దూది తెల్లగా వచ్చే వరకు తుడవండి. ఆ కడ్డీని ఆనుకునే నల్ల రబ్బరు రోలర్‌కి మాత్రం ఆల్కహాల్ తరచూ వాడితే రబ్బరు ఎండి గట్టిపడుతుంది. తడి గుడ్డతో, అవసరమైతే ఒక్క చుక్క సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. పాత టేపులు పొడి రాల్చడం మామూలే కాబట్టి, రెండు మూడు క్యాసెట్లకొకసారి ఇదంతా మళ్లీ చేయాలి.

ఇక అజిముత్. చాలామంది పట్టించుకోనిది, ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది ఇదే. హెడ్‌లో ఉన్న సన్నని చీలిక టేపు నడిచే దిశకు సరిగ్గా లంబంగా ఉండాలి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. అంటే 10 కిలోహెర్ట్జ్ శబ్దం ఒక్క తరంగం టేపు మీద ఆక్రమించే చోటు 5 మైక్రాన్లు కూడా ఉండదు. ఇంత చిన్న తరంగాన్ని చదవాలంటే హెడ్ రవ్వంత వాలినా కుదరదు, పై స్థాయి శబ్దాలు, అంటే సన్నగా, కీచుగా ఉండేవి, మాయమైపోతాయి. టేపు పాతదైపోయింది, అందుకే గొంతు దుప్పటి కప్పినట్టుంది అని మనం అనుకుంటాం. నిజానికి శబ్దం టేపు మీద చెక్కుచెదరకుండానే ఉంటుంది, హెడ్ దాన్ని వంకరగా చూస్తోందంతే.

సరిచేయడం ఇలా. హెడ్‌కి ఒక పక్క స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. చాలా డెక్‌లలో తలుపు మూత తీసేస్తే టేపు నడుస్తుండగానే దాన్ని అందుకోవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండు ఛానళ్లనూ కలిపి మోనోగా వింటూ, అయస్కాంతం అంటని చిన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పండి. పావు చుట్టు దాటే అవసరం సాధారణంగా రాదు. స, శ, చ అక్షరాలు, తాళాల మోత ఒక చోట ఒక్కసారిగా తేటపడతాయి. సరైన స్థానం అదే. మోనోలో వినమనడానికి కారణం ఉంది. రెండు ఛానళ్ల మధ్య అతి చిన్న కాలవ్యత్యాసం ఉన్నా కలిపినప్పుడు పై శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి, తేడా చెవికి వెంటనే తెలుస్తుంది.

ప్రతి టేపూ దాన్ని రికార్డు చేసిన యంత్రపు హెడ్ ఎంత వంకరగా ఉందో అంత వంకరగానే ఉంటుంది. అందువల్ల ఇంట్లో చేసిన రికార్డింగులకు టేపు టేపుకీ, ఒక్కోసారి రెండు వైపులకూ విడివిడిగా దీన్ని సరిచూసుకోవాలి. మొదలుపెట్టే ముందు స్క్రూ ఉన్న స్థానాన్ని గుర్తు పెట్టుకోండి.

టేపు బుసని తగ్గించే పద్ధతి అయిన డాల్బీ సంగతి అజిముత్ సరిచేశాకే చూడండి. అందులో బి రకం రికార్డింగ్ సమయంలో మెల్లగా వినిపించే పై శబ్దాలను 10 డెసిబెల్ దాకా పెంచి, వినిపించేటప్పుడు అంతే తగ్గిస్తుంది. దాంతోపాటు టేపు బుస కూడా తగ్గుతుంది. పై శబ్దాలు సరిగ్గా అందనప్పుడు డాల్బీ వేస్తే అది వాటిని ఇంకా నొక్కేస్తుంది. క్యాసెట్ మీద డాల్బీ గుర్తు ఉంటే డెక్‌లో అదే రకాన్ని, బి అయితే బి, సి అయితే సి, ఎంచుకోండి. గుర్తు లేకపోతే ఆపి ఉంచండి. ఇంట్లో మామూలు టేపురికార్డర్‌లో చేసినవాటికి డాల్బీ దాదాపు ఉండదు. అలాగే క్రోమ్, మెటల్ క్యాసెట్లకు 70 మైక్రోసెకన్ల ఈక్వలైజేషన్ (పై శబ్దాల సవరణ), సాధారణ ఫెర్రిక్ వాటికి 120. చాలా డెక్‌లు క్యాసెట్ అంచున ఉన్న గంట్లను బట్టి దీన్ని తామే ఎంచుకుంటాయి. మీట ఉన్న పాత డెక్ అయితే మీరే మార్చాలి.

## అడుగు 4: గ్రామఫోన్ రికార్డులు

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిరిగే ఎల్‌పీలు 1948లో, 45 వేగం చిన్న రికార్డులు 1949లో వచ్చాయి. ఇవి వినైల్. బరువుగా, పెళుసుగా ఉండే 78 రికార్డులు చాలావరకు లక్కతో చేసినవి. ఈ తేడా శుభ్రం చేసేటప్పుడు చాలా ముఖ్యం. ఆల్కహాల్ లక్కను కరిగించేస్తుంది. 78 రికార్డుని ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవంతోనూ తాకకూడదు.

వినైల్‌కైనా లక్కకైనా సరిపోయే పద్ధతి ఒకటే: డిస్టిల్డ్ నీళ్లలో వాసన లేని తేలికపాటి పాత్రల సబ్బు రెండు మూడు చుక్కలు. మెత్తటి బ్రష్‌తో గాడుల వెంబడి, గుండ్రంగా రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. మధ్యలోని లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో కడిగి, నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. కుళాయి నీళ్లలోని ఖనిజాలు గాడిలో మిగిలిపోయి, అవే మళ్లీ చిటపటలవుతాయి. అల్యూమినియం పలక మీద లక్కర్ పూతతో ఉండే, ఒక్కొక్కటిగా కోసిన రికార్డులు కొన్నిచోట్ల బయటపడతాయి. పూత పగుళ్లిస్తున్నా, పైన తెల్లటి జిడ్డు పొడి కనిపిస్తున్నా వాటిని కడగవద్దు, తిప్పవద్దు. అవి నిపుణులకే.

ముల్లు విషయంలో రాజీ పడకూడదు. ఎల్‌పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు, 78 ముల్లు సుమారు 75. ఎల్‌పీ ముల్లుతో 78 వాయిస్తే అది గాడి అడుగున ఉన్న దుమ్ములో దొర్లుతుంది. 78 ముల్లుతో ఎల్‌పీ వాయిస్తే గాడి నాశనం. చాలా కార్ట్రిడ్జ్‌లకు (ముల్లుని పట్టి ఉంచి, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) 78 కోసం విడి ముల్లు దొరుకుతుంది, మార్చుకోవడం నిమిషం పని. ముల్లు ఎంత బరువుతో ఆనాలో కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం పెట్టండి. ఎల్‌పీలకు మామూలుగా 1.5 నుంచి 2 గ్రాములు. బరువు మరీ తగ్గిస్తే రికార్డుకి మంచిదనుకోవడం పొరపాటు, తక్కువైతే ముల్లు గాడిలో ఎగిరి పడి గోడలను కొడుతుంది.

టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సంకేతం నేరుగా వాడటానికి పనికిరాదు. సాధారణ మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టుల ప్రాంతంలో. పైగా ఎల్‌పీ కోసేటప్పుడే మంద్ర శబ్దాలను తగ్గించి, పై శబ్దాలను పెంచి కోస్తారు. రెండు కొసల్లోనూ ఈ మార్పు దాదాపు 20 డెసిబెల్ ఉంటుంది. దీన్ని తిరగేసి, సంకేతాన్ని పెంచి ఇచ్చేదే ఫోనో ప్రీయాంప్. పాత యాంప్లిఫయర్‌కి ఫోనో అని రాసిన ఇన్‌పుట్ ఉంటే అందులోనే ఇది ఉన్నట్టు. కొన్ని టర్న్‌టేబుళ్లలో లోపలే ఉంటుంది. రెండింటినీ ఒకేసారి వాడితే శబ్దం పగిలిపోతుంది, ఏదో ఒకటే ఉండాలి. టర్న్‌టేబుల్ వెనక ఉన్న సన్నని ఎర్త్ తీగని ప్రీయాంప్‌కి బిగించడం మరవకండి. బొయ్‌మనే మోత వస్తోందంటే ఎక్కువసార్లు ఆ తీగే కారణం.

మీ టర్న్‌టేబుల్‌కి 78 వేగం లేకపోతే 45లో వాయించి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వేగం పెంచవచ్చు. 78ని 45తో భాగిస్తే 1.733, అంటే 73.3 శాతం పెంచాలి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగం మార్చే ఎఫెక్ట్‌లో ఈ లెక్క సిద్ధంగా ఉంటుంది. 78 రికార్డులు మోనో కనుక, స్టీరియో కార్ట్రిడ్జ్‌తో రెండు ఛానళ్లుగా పట్టుకుని తర్వాత కలపండి. ముల్లు పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే రొదంతా కలిపినప్పుడు చాలావరకు పోతుంది. గాడి ఒక గోడ బాగా అరిగి ఉంటే మాత్రం కలపకుండా, రెండో గోడ ఛానల్ ఒక్కటే వాడుకోవడం మేలు.

## అడుగు 5: కంప్యూటర్‌కి కలపడం

ల్యాప్‌టాప్‌కి ఉన్న చిన్న రంధ్రం మైకు కోసం. దానికి డెక్‌ని తగిలిస్తే చాలాసార్లు ఒకే ఛానల్ వస్తుంది, శబ్దం కూడా పగులుతుంది. లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కోండి. డెక్ వెనక లైన్ అవుట్ అని ఉన్న ఎరుపు, తెలుపు రంధ్రాల నుంచి ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌లకు తీగ వేస్తే సరిపోతుంది. వాక్‌మన్ అయితే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ వేసి, వాల్యూమ్ సగానికి కొంచెం పైన ఉంచండి. ఈక్వలైజర్, బాస్ బూస్ట్ లాంటివన్నీ ఆపేయండి.

మోత వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. పోయిందంటే అది ఎర్త్ చక్రం వల్ల వచ్చిన మోత. రికార్డింగ్ పూర్తయ్యే వరకు బ్యాటరీ మీదే ఉంచడం అన్నిటికన్నా సులువైన మార్గం.

## అడుగు 6: సెట్టింగులు

ఆడాసిటీ ఉచితం, ఈ పనికి అన్ని విధాలా సరిపోతుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ తన మార్గదర్శకాల్లో శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్నదానికి కనీసం 48 కిలోహెర్ట్జ్, ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలన్నదానికి 24 బిట్ అని చెబుతుంది, 96 కిలోహెర్ట్జ్ అయితే ఇంకా మంచిదంటుంది. ఇంటి క్యాసెట్లకు 48, 24 చాలని నా అభిప్రాయం. రికార్డులకు 96 తీసుకోండి, చిటపటలను గుర్తించడం సాఫ్ట్‌వేర్‌కి తేలికవుతుంది. స్టీరియోలో 48, 24కి నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు, 96, 24కి 35 మెగాబైట్లు పడతాయి.

విండోస్‌లో శబ్దాన్ని ప్రోగ్రామ్‌కి అందించే దారిని హోస్ట్ అంటారు, పాత ఎంఎంఈ హోస్ట్ 16 బిట్‌కే పరిమితం, కాబట్టి ఆడాసిటీలో హోస్ట్‌గా వాసాపి ఎంచుకోండి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆ ఇన్‌పుట్‌కి ఉన్న ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. అవి మనిషి గొంతు కానిదాన్నంతా రొద అనుకుని తీసేయడానికి చూస్తాయి. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా కూడా చూసుకోండి.

పట్టుకునేది ఎప్పుడూ వేవ్ ఫైలుగానో, ఫ్లాక్ ఫైలుగానో. ఫ్లాక్ ఏమీ పోగొట్టకుండా పరిమాణాన్ని సగం దాకా తగ్గిస్తుంది. ఎంపీ3 శాశ్వతంగా కొంత సమాచారం పారేస్తుంది, కనుక అది ఫోన్లో వినడానికి, పంచడానికి తీసే నకలు మాత్రమే.

## అడుగు 7: రికార్డు చేయడం

టేపులో అన్నిటికన్నా గట్టిగా వినిపించే చోటు వెతికి, అక్కడ మీటరు గరిష్ఠం -12 నుంచి -6 డెసిబెల్ మధ్య ఉండేలా సరిచేయండి. సున్నా దాకా తీసుకెళ్లాలని తాపత్రయపడవద్దు. డాల్బీ లేని క్యాసెట్‌లో బుసకీ, గట్టి శబ్దానికీ మధ్య దూరం 50 డెసిబెల్‌కి అటూ ఇటూ. 24 బిట్ సిద్ధాంతపరంగా 144 డెసిబెల్ పట్టగలదు. చోటు కావలసినంత ఉంది, టెన్షన్ అక్కర్లేదు. సున్నా దాటి పగిలిన శబ్దం మాత్రం బాగుపడదు.

ముందు కంప్యూటర్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, తర్వాత టేపు నడిపించండి. ఒక వైపు మొత్తం ఆగకుండా ఒకే ఫైలుగా పట్టుకోండి. సగంలో శబ్దం ఆగిపోయిందని ఆపేయకండి. ఇంటి టేపుల్లో పది నిమిషాల ఖాళీ తర్వాత ఎవరో మాట్లాడటం ఎన్నోసార్లు జరిగేదే. వదిలేసి వెళ్లకుండా పక్కన కూర్చుని వినండి. ఎవరి గొంతు ఎన్నో నిమిషంలో ఉందో, ఏ పేరు వినిపించిందో కాగితం మీద రాసుకోండి. ఆ గొంతులను గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని సమాచారం వాళ్ల దగ్గరే ఉంది.

## అడుగు 8: వేగం సరిగ్గా ఉందా?

బ్యాటరీ తగ్గిన టేపురికార్డర్‌లో చేసిన రికార్డింగ్ ఇప్పుడు వేగంగా, కీచుగా వినిపిస్తుంది. గొంతు ఎలా ఉండేదో గుర్తుంటే చెవితోనే సరిచేయవచ్చు. గుర్తులేకపోతే ఒక మంచి ఉపాయం ఉంది. కరెంటుతో నడిచిన రికార్డర్ తరచుగా కరెంటు మోతని కూడా టేపు మీద పట్టేస్తుంది. రికార్డు చేసిన చోట కరెంటు 50 హెర్ట్జ్ అయితే ఆ మోత 50, 100, 150, 200, 250 దగ్గర కనిపించాలి. 60 హెర్ట్జ్ దేశమైతే 60 గుణిజాలు. ఆడాసిటీలో మాటలు లేని చోటు ఎంచుకుని ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు 65536 పెట్టి చూడండి. పై గుణిజం తీసుకుంటే లెక్క కచ్చితంగా వస్తుంది. 250 దగ్గర ఉండాల్సిన శిఖరం 257.5 దగ్గర ఉందంటే టేపు 3 శాతం వేగంగా నడుస్తోంది. 250ని 257.5తో భాగిస్తే 0.971, కాబట్టి వేగాన్ని 2.9 శాతం తగ్గించాలి. ఒక్క జాగ్రత్త: టేపు ఆపినా ఆ మోత ఉంటే అది మీ తీగల్లోది, టేపులోది కాదు.

## అడుగు 9: శుభ్రపరచడం, కోయడం

అసలు ఫైలుని పక్కన పెట్టి, నకలు మీదే పని చేయండి. ఇది ఎప్పుడూ తప్పకూడని నియమం.

ముందు చిటపటలు, తర్వాత బుస. బుస తగ్గించే నాయిస్ రిడక్షన్ ఎఫెక్ట్‌కి నమూనా తీసుకునేటప్పుడు టేపు మొదట్లోని ఖాళీ పట్టీ కాకుండా, రికార్డింగ్ నడుస్తూ మాటలు ఆగిన రెండు మూడు సెకన్లు తీసుకోండి. తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్ మించనివ్వద్దు. అదే కిటికీలో రెసిడ్యూ అని ఒక ఎంపిక ఉంటుంది. ఏం తీసేస్తోందో అది వినిపిస్తుంది. అందులో మాటలు వినపడుతున్నాయంటే మీరు గొంతునే తీసేస్తున్నారు. బుస పూర్తిగా పోవాలని పట్టుబడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతుంది. కాస్త బుసతో నిజమైన గొంతు వినడమే నాకు ఇష్టం, చెవి ఆ బుసని కొద్ది నిమిషాల్లో పట్టించుకోవడం మానేస్తుంది.

రికార్డింగ్ మొదట్లో బటన్ టక్కుమనే చప్పుడు, మధ్యలో దగ్గు, వెనక తలుపు చప్పుడు, ఇవి ఇంటి టేపుల్లో ఉంచేయండి. పాటలు విడదీయాలంటే ప్రతి పాట మొదట్లో కర్సర్ పెట్టి కంట్రోల్, బి నొక్కి పేరు రాస్తూ పోండి. తర్వాత ఎగుమతి చేసేటప్పుడు లేబుళ్ల ప్రకారం అన్నీ విడి ఫైళ్లుగా ఒకేసారి వస్తాయి. చివరగా గరిష్ఠం -1 డెసిబెల్‌కి చేరేలా మొత్తం శబ్దాన్ని ఒకే మేరకు పెంచితే (నార్మలైజ్ చేస్తే) చాలు.

వాణిజ్య ఆల్బమ్‌లను ఇంట్లో వినడానికి మార్చుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. హక్కులు ఇంకా కంపెనీల దగ్గర ఉండవచ్చు. ఇంటి టేపుల విషయంలో కూడా అందులో మాట్లాడినవాళ్లని అడిగాకే నలుగురికీ పంచండి.

## అడుగు 10: పేర్లు, కాపీలు

ఫైలు పేరులోనే సంవత్సరం, నెల, టేపు నంబరు, వైపు ఉండాలి. ఉదాహరణకు 1986-05_టేపు07_వైపుఎ. సంవత్సరం ముందు రాస్తే ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. అదే నంబరుని క్యాసెట్ పెట్టె మీద కూడా పెన్సిల్‌తో రాయండి. లేబుల్‌ని, లోపలి కాగితాన్ని, చేతిరాతని ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. వింటూ రాసుకున్న వివరాలను ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా చేర్చండి. ఏ డెక్, డాల్బీ వేశారా లేదా, వేగం ఎంత మార్చారు అన్నవి కూడా అందులో ఉండాలి.

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి ఇంటి బయట. ఒక హార్డ్ డిస్క్, ఒక క్లౌడ్ ఖాతా, బంధువుల ఇంట్లో ఇంకో డిస్క్ అయితే సరిపోతుంది. ఇంట్లో రాసుకున్న సీడీలను నమ్ముకోవద్దు. ఏడాదికొకసారి డిస్క్‌లు తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. మొదట్లోనే ఫైలుకి వేలిముద్ర లాంటి చెక్‌సమ్ తీసి పెట్టుకుంటే ఏ ఫైలు చెడిందో కంప్యూటరే చెబుతుంది.

పని అయిపోయిందని టేపుల్ని పారేయకండి. రేపు ఇంకా మంచి డెక్ దొరకవచ్చు, ఫైలులో మీరు గమనించని లోపం బయటపడవచ్చు. టేపుని మధ్యలో వదిలేయకుండా ఒక చివరికి పూర్తిగా చుట్టి, పెట్టెలో నిలువుగా, ఎండ, తేమ, స్పీకర్ల అయస్కాంతాలకు దూరంగా పెట్టండి. రికార్డులను కూడా నిలువుగానే పెట్టాలి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగువి వంగిపోతాయి.